యాక్షన్ సినిమా తొలి దృశ్యం: ఎడిటింగ్ గదిలోంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నైలో వడపళని, సాలిగ్రామం వీధుల్లో ఎడిటింగ్ గదులు, డబ్బింగ్ థియేటర్లు, మిక్సింగ్ హాళ్లు ఇప్పటికీ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిపోయి దశాబ్దాలు గడిచినా, దానికి కావలసిన పనిలో కొంత భాగం ఇక్కడే జరుగుతూ వస్తోంది. అటువంటి ఒక గదిలో కూర్చుని తెలుగు, తమిళ సినిమాల పోరాట దృశ్యాలను కూర్చుతూ నేను ఇరవై ఏళ్లకు పైగా గడిపాను. ఈ కాలమంతటా తొలి దృశ్యం గురించి దర్శకులూ, నిర్మాతలూ, కొత్తగా చేరిన సహాయకులూ ఇంచుమించు ఒకే రకమైన మాటలు చెబుతుండగా విన్నాను. వాటిలో కొన్ని పూర్తిగా తప్పు, కొన్ని సగం నిజం. సగం నిజమైన వాటి దగ్గరే ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

అపోహ: యాక్షన్ సినిమా ఫైటుతోనే మొదలు కావాలి, లేకపోతే ప్రేక్షకుడు జారిపోతాడు.

వాస్తవం: ప్రేక్షకుడు జారిపోకుండా పట్టి ఉంచేది ఎదురుచూపు. ఫైటు ఆ ఎదురుచూపును పుట్టించగలిగితే మంచిదే. పుట్టించలేనప్పుడు ఎంత పెద్ద ఫైటయినా తెర మీద కదలికగానే మిగిలిపోతుంది. ఈ సంగతి నాకు పుస్తకాల ద్వారా కాక, ఒక సినిమా పనిలో పడిన ఇబ్బంది ద్వారా తెలిసింది.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక సినిమా రాయపురం దగ్గరి కాశిమేడు చేపల రేవులో తెల్లవారుజామున జరిగే ఫైటుతో మొదలయ్యేది. ఐసు పెట్టెలు పగలడం, వలలలో మనుషులు చిక్కుకోవడం, తడి నేల మీద జారి పడటం, ఫైట్ మాస్టర్ సమకూర్చినవన్నీ చూడముచ్చటగా ఉన్నాయి. మొదటి కూర్పు దాదాపు ఐదు నిమిషాలు వచ్చింది. తెలిసినవారిని కొందరిని పిలిచి చూపించినప్పుడు, రెండో నిమిషం దాటేసరికి చీకట్లో ఫోన్ల వెలుగులు కనిపించాయి. నిడివే కారణమనుకుని ఒకటిన్నర నిమిషం కోసేశాము. మరో బృందానికి చూపిస్తే మళ్లీ అవే వెలుగులు. అప్పుడు పక్కన పెట్టిన షాట్లన్నీ మొదటినుంచీ తిరిగి చూస్తుండగా, నిదానంగా ఉందని నేనే తీసేసిన రెండు సెకన్ల షాటు ఒకటి దొరికింది. గొడవ మొదలయ్యే ముందు కథానాయకుడు, అక్కడ నిలబడి ఉన్న ఒక పిల్లవాడి బడి సంచిని నేల మీది నీళ్లలోంచి తీసి, ఐసు పెట్టె మీద పెడతాడు. అంతే. ఆ షాటును ముందుకు తెచ్చి, అదే రోజు తీసిన మిగతా ముక్కల్లోంచి ఆ పెట్టె కదిలినవి, సంచి అంచుకు జరిగినవి ఏరి ఫైటు మధ్యలో మూడు చోట్ల అతికించాను. కోసిన ఫైటులో కొంత వెనక్కి కూడా చేర్చాను. ఈసారి చూసినవారు ఆ సంచి పడుతుందా లేదా అని కళ్లప్పగించి చూశారు. రెండో కూర్పు కన్నా ఇది ఇరవై సెకన్లు ఎక్కువ నిడివి ఉన్నప్పటికీ, ‘ఇప్పుడు కాస్త తగ్గించినట్టున్నారు’ అని వారిలో ఒకాయన మెచ్చుకున్నాడు. నేను కాదనలేదు.

దెబ్బ ఒక్కటీ లేకుండా మొదలై, ఆ తరహా సినిమాలకే ఒరవడిగా నిలిచినదీ ఒకటుంది. 1988లో వచ్చిన ‘డై హార్డ్’ విమానం నేలకు దిగుతుండగా మొదలవుతుంది. ప్రయాణమంటే బెదురున్న కథానాయకుడికి పక్క సీటు ప్రయాణికుడు ఒక చిట్కా చెబుతాడు: చేరవలసిన చోటికి చేరాక బూట్లు, మేజోళ్లు విప్పి, తివాచీ మీద నడుస్తూ కాలి వేళ్లను పిడికిలిలా ముడవమంటాడు. కథానాయకుడు ఆ పని చేస్తుండగానే దుండగులు అతనున్న భవనాన్ని ఆక్రమించుకుంటారు కనుక, అతను సినిమా అంతా వట్టి కాళ్లతో పోరాడవలసి వస్తుంది, పగిలిన గాజుపెంకుల మీద నడవవలసి వస్తుంది. ఆ చిట్కా వింటున్నప్పుడు అందులో ప్రమాదం ఉందని ఎవరికీ తోచదు. నవ్వుకుని వదిలేసిన మాట గంట తర్వాత కాలికి గుచ్చుకుంటుంది.

అపోహ: కట్లు, అంటే ఒక షాటు నుంచి మరో షాటుకు మార్పులు, ఎంత వేగంగా పడితే దృశ్యం అంత ఉత్కంఠగా ఉంటుంది.

వాస్తవం: వేగం కట్లలో ఉండదు, చూసేవాడి కన్ను ఎంత తేలికగా వెంట రాగలుగుతుందన్న దానిలో ఉంటుంది. ఇది లెక్కకు అందే విషయమే. ఒకచోట నిలిచి ఉన్న చూపు, కొత్తది కనిపించినప్పుడు అక్కడికి మళ్లడం మొదలుపెట్టడానికి సెకనులో ఇంచుమించు ఐదో వంతు పడుతుంది. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు, అంటే నిశ్చల చిత్రాలు, పడతాయి; ఆ లెక్కన అది దాదాపు ఐదు ఫ్రేములు. ఒక షాటులో పిడికిలి తెరకు ఎడమ చివర ఉండి, తర్వాతి షాటులో దెబ్బ తిన్న ముఖం కుడి చివర ఉందనుకుందాం. ఆ రెండో షాటు పన్నెండు ఫ్రేములే ఉన్నట్లయితే, కన్ను అక్కడికి చేరేలోపే సగానికి దగ్గరగా అయిపోతుంది. వరసగా ఇరవై షాట్లు ఇలా పడితే ప్రేక్షకుడు ఏమీ చూడలేదని అనడు. తల నొప్పిగా ఉందంటాడు, లేదా ఏమీ అనకుండా ఫోను తీస్తాడు.

‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ (2015) రెండు గంటల నిడివిలో సుమారు 2700 షాట్లున్న సినిమా, ఎడిటర్ మార్గరెట్ సిక్సెల్‌కు ఆస్కార్ తెచ్చిపెట్టిన సినిమా. అంత చురుకైన కూర్పు కంటికి భారం కాకపోవడానికి ఒక ముఖ్య కారణం చిత్రీకరణ సమయంలోనే ఏర్పడింది. చూడవలసిన వస్తువును వీలైనంతవరకు ఫ్రేము మధ్యలోనే ఉంచాలని దర్శకుడు జార్జ్ మిల్లర్ కెమెరా బృందానికి నియమం పెట్టాడు. షాటు మారినా చూపు మారనక్కరలేదు. మన దగ్గర ఆ సినిమాను చూసి కట్ల సంఖ్యను మాత్రం ఎత్తుకొచ్చారు.

దీనికి తోడు, తొలి దృశ్యానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. అప్పటికి ప్రేక్షకుడికి ఎవరి ముఖమూ పరిచయం లేదు, ఎవరు ఎవరి పక్షమో తెలియదు, తలుపు ఎటుందో తెలియదు. పతాక సన్నివేశంలో పదిహేను ఫ్రేముల్లో అర్థమయ్యే షాటుకు మొదటి నిమిషంలో నలభై ఫ్రేములు ఇవ్వవలసి వస్తుంది. అందుకే తొలి ఫైటు ఆరంభంలో స్థలమంతా కనబడే వెడల్పు షాటు ఒకటి తీరుబడిగా ఉంచడం నా అలవాటు. దాన్ని తీసేయమని అడగని నిర్మాతను నేనింకా చూడలేదు.

అపోహ: కథానాయకుడి ప్రవేశమే తొలి దృశ్యం.

వాస్తవం: ఈ రెండూ వేరు పనులు. తొలి దృశ్యం కథలోకి లాగుతుంది; ప్రవేశ దృశ్యం తారతో అభిమానికి అప్పటికే ఉన్న అనుబంధాన్ని గుర్తు చేస్తుంది. చెన్నైలో పనిచేసేవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది, ఎందుకంటే ఒకే సినిమాను రెండు భాషల ప్రేక్షకుల మధ్య కూర్చుని చూసే అవకాశం మాకుంది. కాలు, చేతి కడియం, మెడ వెనుక భాగం, గాలిలో ఎగిరే దుమ్ము, చివరికి ముఖం అంటూ ఒకటిన్నర నిమిషం సాగే ప్రవేశానికి తెలుగు ప్రేక్షకుల మధ్య ఈలలతో హాలు దద్దరిల్లిపోతుంది. అదే సినిమా తమిళంలోకి అనువాదమై, ఆ తార అంతగా పరిచయం లేని ప్రేక్షకుల ముందు పడినప్పుడు, ఆ ఒకటిన్నర నిమిషమూ ఎవరో తెలియని మనిషి కాలిని చూస్తూ జనం మౌనంగా కూర్చుంటారు. తమిళ తారల సినిమాలు తెలుగులోకి వచ్చినప్పుడూ ఇదే జరుగుతుంది. ఈల లేనప్పుడు ఆ దృశ్యంలో ఏముందో తేటతెల్లమవుతుంది.

తెలుగులోనూ తమిళంలోనూ నిర్మించిన ‘బాహుబలి’ మొదటి భాగం (2015) ఈ చిక్కును ముందే దాటేసింది. గాయపడిన ఒక రాణి చంటిబిడ్డతో పారిపోతూ, నదిలో మునిగిపోతూ కూడా ఆ బిడ్డను ఒంటి చేత్తో నీటికి పైన ఎత్తి పట్టుకుంటుంది. ఆదుకోవడానికి వచ్చినవారికి జలపాతం పైవైపు చూపిస్తుంది. ఆమె ఎవరు, బిడ్డ ఎవరు, ఆ పైన ఏముంది అన్న ప్రశ్నలు ఏ భాషవారికైనా ఒకేలా పుడతాయి. తారను ముందుగా ఎరిగి ఉండనక్కరలేదు.

ఇక్కడే జ్ఞాపకం చేసే మోసం గురించి కూడా చెప్పాలి. ‘శివ’ (1989) ఎలా మొదలవుతుందని అడిగితే సైకిలు గొలుసు తెంచడంతో అని చెప్పినవారిని నేను చాలామందిని చూశాను. నిజానికి ఆ ఘట్టం వచ్చేసరికి కథ కొంత దూరం నడిచి ఉంటుంది. కళాశాల వాతావరణం, రౌడీల జులుం, కథానాయకుడి ఓర్పు అన్నీ అప్పటికే చూసి ఉంటాము. గొలుసు తెగిన చప్పుడుకు అంత బలం వచ్చింది ఆ ఓర్పు వల్లనే. కొత్త దర్శకులు దాన్ని ఆరంభంగా గుర్తుపెట్టుకుని, తమ సినిమాలో మొదటి నిమిషంలోనే గొలుసు తెంచేసి, ఎందుకు పండలేదని అడుగుతుంటారు.

అపోహ: తొలి దృశ్యంలో చప్పుడు ఎంత పెంచితే అంత మంచిది.

వాస్తవం: మిక్సింగ్ హాలులో మేము పాటించే ప్రమాణ స్థాయిని థియేటరులోని ధ్వని యంత్రం మీద 7 అనే అంకె సూచిస్తుంది. మొదటి ఐదు నిమిషాల్లో చెవులు చిల్లులు పడేలా మోగిస్తే, ప్రేక్షకులు ఫిర్యాదు చేస్తారు, ఆపరేటరు దాన్ని 5కి, ఒక్కోసారి ఇంకా కిందికి దించేస్తాడు. దించినది మళ్లీ పెంచే నాథుడుండడు. మిగతా రెండు గంటలూ మాటలు వినిపించవు, నింద మాత్రం డబ్బింగ్ చెప్పినవాళ్ల మీద పడుతుంది. పెద్ద శబ్దానికి విలువ వచ్చేది దాని ముందున్న నిశ్శబ్దం వల్ల. దెబ్బ పడే ముందు ఒక సెకను నేపథ్య సంగీతాన్ని ఆపి గాలి చప్పుడో, చెప్పుల చప్పుడో వినిపిస్తే, అదే దెబ్బ స్థాయి పెంచకుండానే రెట్టింపు తగులుతుంది. పిడికిలి తాకే చోట రెండు మూడు ఫ్రేములు తీసేయడం కూడా మా పనిలో పాతకాలపు కిటుకే. చేయి దూరం తగ్గించి ఒక్కసారిగా తాకినట్టు అనిపిస్తుంది, చెవి ఆ లోటును పూరిస్తుంది.

అపోహ: ఒకే షాటులో, కట్ లేకుండా తీస్తే ప్రేక్షకుడు కట్టుబడిపోతాడు.

వాస్తవం: కట్ లేదన్న సంగతి గమనించేది మాబోటి వాళ్లమే. ఈ పద్ధతికి అందరూ చూపించే పాత ఉదాహరణ ఆర్సన్ వెల్స్ తీసిన ‘టచ్ ఆఫ్ ఈవిల్’ (1958). మూడు నిమిషాలకు పైగా సాగే ఆ తొలి షాటులో జనం నడుస్తారు, కారు మెల్లగా వెళుతుంది, సరిహద్దు దగ్గర కాపలావాళ్లతో కబుర్లు జరుగుతాయి. వాటిలో ఏదీ గొప్ప సంఘటన కాదు. కానీ షాటు మొదట్లోనే ఒక చేయి గడియారపు బాంబును సిద్ధం చేసి ఆ కారు డిక్కీలో పెట్టడం మనం చూశాం. ఆ కారు మన కథానాయకుడి పక్కకు వచ్చి ఆగినప్పుడల్లా ఊపిరి బిగబట్టి చూస్తాము. డిక్కీలో బాంబు లేకపోతే అది ఒక ఊరి వీధిని చూపించే షాటు మాత్రమే.

అపోహ: ఖర్చంతా మొదటి ఫైటులోనే కనిపించాలి.

వాస్తవం: మొదట్లోనే వంద మందిని పడగొట్టినవాడికి విరామం దగ్గర పదిమంది ఎదురైతే ఎవరు భయపడతారు? జేమ్స్ బాండ్ సినిమాల్లో పేర్లకు ముందు వచ్చే సన్నివేశం 1963లో మొదలైంది. ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’లోని ఆ మొదటి సన్నివేశం, రాత్రివేళ ఒక తోటలో ఒక మనిషి మరో మనిషిని వెంటాడి చంపడం, అంతే. చనిపోయింది బాండే అనుకుంటాము, తర్వాత ముఖం మీది తొడుగు తీస్తారు. ఖర్చు తక్కువ, కానీ ఆ హంతకుడు ఎంత సమర్థుడో సినిమా చివరిదాకా గుర్తుంటుంది.

అపోహ: తీసినది ఎలా ఉన్నా ఎడిటింగ్ టేబుల్ మీద సరిచేయవచ్చు.

వాస్తవం: తీయనిదాన్ని నేను తీసుకురాలేను. ఇప్పుడు చాలామంది ఫైట్ మాస్టర్లు చిత్రీకరణకు ముందే తమ కుర్రాళ్లతో ఫైటును ఆడించి, చిన్న కెమెరాతోనో ఫోనుతోనో తీసి చూపిస్తున్నారు. ఆ వీడియోను ఎడిటరు ముందుగా చూస్తే, ఏ షాటు లోపించిందో సెట్టు వేయకముందే తెలిసిపోతుంది. నేను ప్రతిసారీ అడిగేవి రెండే: ఎవరు ఎక్కడ ఉన్నారో తెలిపే వెడల్పు షాటు, దెబ్బ తగిలిన తర్వాత మనిషి ముఖం. రోపుల మీద మనుషులను ఎగరేయడానికి సగం రోజు పట్టేచోట, ఈ రెండింటికీ కలిపి పావుగంట దొరకడం గగనమవుతుంది.

అపోహ: ఈ కాలపు ప్రేక్షకులకు మూడు నిమిషాల ఓపిక కూడా లేదు కాబట్టి విషయమంతా మొదటి నిమిషంలోనే చెప్పేయాలి.

వాస్తవం: ఇంట్లో చూసేవారి విషయంలో ఇందులో కొంత నిజముంది, వేలితో ఒకసారి నొక్కితే మరో సినిమా వస్తుంది కనుక. థియేటరులో సంగతి వేరు. డబ్బిచ్చి, బండి నిలిపి, వచ్చి కూర్చున్నవాడు మొదటి నిమిషంలో లేచిపోడు. కానీ మొదటి నిమిషంలో అతని దృష్టి కూడా మన చేతిలో ఉండదు. పొగాకు వాడకం కనిపించే సినిమాలకు 2012 నుంచి ముందుగా కనీసం 30 సెకన్ల ఆరోగ్య హెచ్చరిక చిత్రాలు వేయవలసి ఉంది, వాటి వెనుక కృతజ్ఞతల పలకలు వరసగా వస్తాయి. జనం అప్పటికింకా ఫోను వెలుగులో సీటు అంకె వెతుక్కుంటూ, మోకాళ్లు ముడుచుకుని దారి ఇస్తూ ఉంటారు. కీలకమైన మాటను సినిమా మొదటి రెండు నిమిషాల్లో పెడితే సగం హాలుకు అది అందదు. తార ముఖం కనబడిన వెంటనే పెడితే ఈలల్లో కలిసిపోతుంది. అందువల్ల ముఖ్యమైన సంగతిని మాటగా కాక వస్తువుగా చూపించి, కొంతసేపటికి మరో కోణంలో మళ్లీ చూపిస్తాను. కాశిమేడు ఫైటులో బడి సంచి నాలుగో నిమిషంలో పిల్లవాడి వైపు నుంచి మరోసారి కనిపించేది, ఆలస్యంగా వచ్చి కూర్చున్నవారి కోసమే.