నొప్పి పోయింది సరే, గాయం మానిందా?

పరుగెత్తుతుంటే పిక్క కండరం బెణికిందనుకోండి. వారం పది రోజుల్లో నొప్పి తగ్గుతుంది, తగ్గగానే చాలామంది షూ బిగించి పాత దూరం, పాత స్పీడుతో మొదలుపెట్టేస్తారు. చిక్కంతా ఇక్కడే.

నొప్పి తగ్గినంత తొందరగా లోపలి పని పూర్తవదు. పోగులు తెగిన చోట మొదటి కొన్ని రోజులు వాపు వస్తుంది, దెబ్బతిన్న భాగాన్ని తెల్లరక్తకణాలు శుభ్రం చేసేది అప్పుడే, కాబట్టి వాపును చూసి మరీ టెన్షన్ పడక్కర్లేదు. గాయానికి విశ్రాంతి, ఐస్ అంటూ 1978లో ప్రచారంలోకి తెచ్చిన డాక్టర్ గేబ్ మిర్కిన్ కూడా ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చని తర్వాత తన మాట మార్చుకున్నారు. వాపు దశ తర్వాత శాటిలైట్ కణాలు మేల్కొంటాయి. మామూలప్పుడు కండరపు పోగుల అంచున ఊరికే పడుండే ఈ కణాలను 1961లో అలెగ్జాండర్ మౌరో గుర్తించారు. ఇవి కొత్త పోగులను తయారుచేస్తుంటే, మధ్యలో కొలాజెన్ అనే అతుకు ప్రోటీన్ అల్లుకుంటుంది. మొదట్లో అది సన్నగా, అడ్డదిడ్డంగా ఉంటుంది. గట్టిపడి, కండరం లాగే దిశలో సర్దుకోవడానికి నెలలు పట్టొచ్చు. ఏ దిశలో సర్దుకోవాలో దానికి తెలిసేది కాస్త బరువు పడినప్పుడే. అందుకే వారాల తరబడి కాలు కదపకుండా కూర్చోవడం కూడా మంచిది కాదు.

ఇంకో మెలిక ఉంది. పరుగు ఆపడంతో తగ్గిన దమ్ము కొన్ని వారాల్లోనే చాలావరకు తిరిగొస్తుంది, కానీ పిక్కను మడమకు కలిపే అకిలిస్ స్నాయువుకు రక్తసరఫరా తక్కువ, అది బలపడటం చాలా నెమ్మది. పరుగులో దాని మీద శరీర బరువుకు ఐదారు రెట్ల లాగుడు పడుతుంది. "ఆయాసం రావట్లేదు, ఇంకో రౌండు వేద్దాం" అనిపించినప్పుడు ఆ మాట చెప్పేది ఊపిరితిత్తులే, స్నాయువు కాదు!

ముందు వేగంగా అరగంట నడిచి చూడండి. తర్వాత గోడ పట్టుకుని ఒంటికాలి మునివేళ్ల మీద లేచి దిగండి, బాగున్న కాలు ఎన్నిసార్లు లేస్తుందో దెబ్బతిన్నదీ దాదాపు అన్నిసార్లు లేవాలి. అప్పుడు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టి, పరుగు వాటాను రోజు విడిచి రోజు కొద్దికొద్దిగా పెంచుకోండి. స్పీడు, ఎత్తు ఎక్కడం ఆఖరున. మర్నాడు పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగుల్లో బిగుతు ముందురోజుకంటే ఎక్కువుంటే, ఆ రోజు పరుగు ఆపి నడవండి.

ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి పుడుతున్నా, ఒక్క పిక్కే వాచి వెచ్చగా ఉన్నా ఇవేవీ ప్రయత్నించకండి, వెంటనే డాక్టరుకు చూపించండి.