నలభై తొమ్మిది క్రోమోజోముల దూడ

ముర్రా, జఫరాబాదీ లాంటి మన పాడి గేదెలు ‘నది గేదె’ తెగవి. వాటి ఒక్కో కణంలో 50 క్రోమోజోములు, అంటే జన్యువులను మోసే పోగులు, ఉంటాయి. అస్సాంలోని లుయిత్ గేదె ‘చిత్తడి గేదె’ తెగ, దానికి 48. ఈ రెంటినీ దాటిస్తే పుట్టే దూడకు 49. బేసి సంఖ్య కదా, గొడ్డుదే అనుకుంటాం. కాదు. చూడి నిలవడం కొంత తగ్గొచ్చు గానీ, ఈనుతుంది.

నది గేదెలో విడివిడిగా ఉన్న 4వ, 9వ క్రోమోజోములు చిత్తడి గేదెలో ఒకదాని కొసకు ఒకటి అతుక్కుని ఒకే పొడవాటి క్రోమోజోము అయ్యాయి. సరుకు అదే, రెండు మూటలు విప్పి ఒక్క మూటగా కట్టారంతే. 49 ఉన్న పశువులో బీజకణాలు (అండం, శుక్రకణం) తయారయ్యేటప్పుడు ఆ పొడవాటిది, విడివి రెండూ కలిసి ముగ్గురి జట్టు కడతాయి. పొడవాటిది ఒకవైపు, విడివి రెండూ రెండోవైపు వెళితే 24, 25 వస్తాయి. రెండూ సరైన బీజకణాలే. విడివాటిలో ఒకటి దారితప్పి పొడవాటిదాని వెంట పోతేనే చిక్కు: ఒకచోట జన్యువులు ఎక్కువ, మరోచోట లోటు. అలాంటి పిండం తొలి రోజుల్లోనే పోతుంది.

గుర్రానికి 64, గాడిదకు 62, కంచర గాడిదకు 63. ‘బేసి సంఖ్య కాబట్టి గొడ్డు’ అని చాలాచోట్ల రాసేస్తారు. అది సగం నిజమే. ప్రెవాల్‌స్కీ అడవి గుర్రానికి 66. దానికీ పెంపుడు గుర్రానికీ పుట్టే 65 క్రోమోజోముల పిల్లకు మళ్లీ పిల్లలు పుడతాయి. గుర్రం, గాడిదల మధ్య సంఖ్య కన్నా క్రోమోజోముల లోపలి వరుసలే బాగా తారుమారయ్యాయి. అందుకే జత కుదరదు.

అతుకుల్లో అందరినీ మించింది మొరిగే జింక, అంటే మంట్‌జాక్. చైనా జాతికి 46 ఉంటే, మన దేశపు జాతిలో ఆడదానికి 6, మగదానికి 7. రెండు జింకలూ చూపులకు దాదాపు ఒకటే. సంఖ్యే గొప్పతనమైతే 1260 ఉన్న ఓఫియోగ్లాసమ్ రెటిక్యులేటమ్ అనే చిన్న ఫెర్న్ మొక్క ముందు మనమంతా చేతులు కట్టుకోవాలి.

ఇంతకీ వీటిని లెక్కపెట్టేదెలా? ఉల్లిగడ్డతో మొదలుపెట్టడం తేలిక. దానికి 16, పైగా పెద్దవి. పాత ఎండు వేళ్లు గీకేసి, అడుగు నీటికి తగిలేలా గ్లాసు మీద పెడితే రెండు మూడు రోజుల్లో కొత్త వేళ్లొస్తాయి. పొద్దున కొనలు కోసి 0.05 శాతం కాల్చిసిన్‌లో మూడు గంటలు ఉంచాలి. క్రోమోజోములను రెండు వైపులకు లాగే కండె తంతువులను అది కట్టనివ్వదు, కాబట్టి అవి నడిమధ్యే ఆగిపోతాయి. మరీ ఎక్కువసేపు ఉంచితే కుంచించుకుపోయి చుక్కల్లా కనిపిస్తాయి. కాల్చిసిన్ విషం, చేతి తొడుగులు తప్పనిసరి. మన అడవినాభి దుంపలోనూ ఉండేది ఇదే.

తర్వాత మూడు పాళ్లు ఆల్కహాలు, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో ఒక రోజు. ఆపైన 60 డిగ్రీల వేడిలో 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఎనిమిది, పది నిమిషాలు. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. తక్కువైతే కణాలు ముద్దగా ఉండిపోతాయి, ఎక్కువైతే కొన చితికి రంగు పట్టదు. కడిగి, అసిటోకార్మిన్ అనే రంగు పట్టించి, ముదురుగా కనిపించే చివరి ఒకటి రెండు మిల్లీమీటర్లే గాజు పలక మీద ఉంచి, పైన కవర్‌స్లిప్ అనే పలచని గాజు బిళ్ల వేసి బ్లాటింగ్ కాగితం మడత కింద బొటనవేలితో నిలువుగా నొక్కాలి. పక్కకు జారితే అంతా పాడు. పగిలిన కణంలో 14, 15 రావచ్చు. అందుకే సూక్ష్మదర్శినిలో కనీసం పది కణాలు లెక్కపెట్టాలి.

ముద్ద విడిపోకపోతే నిపుణులూ పొరబడతారు. 1923 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు మనిషికి 48 అనే నమ్మారు. పలచని ఉప్పునీటిలో కణాలు ఉబ్బి క్రోమోజోములు విడివడతాయని చూపిన టి.సి. షూ కూడా 1952లో 48 అనే రాశారు. స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్ ఆ ఉప్పునీటి పద్ధతికి కాల్చిసిన్‌నూ జోడించి 46 అని తేల్చారు. వ్యాసం అచ్చయింది 1956లో. చింపాంజీకి నిజంగానే 48. దానిలో విడిగా ఉన్న రెండు మనలో అతుక్కుని 2వ క్రోమోజోము అయ్యాయి.

మొక్కల్లో అతుకుల కన్నా రెట్టింపులే ఎక్కువ. దేశవాళీ పత్తికి 26, అమెరికన్ పత్తికి 52. ఒక్కోదాని నుంచి సగమే వస్తాయి కాబట్టి, రెంటినీ కలిపితే 13, 26 కలిసి 39 ఉన్న మొక్క వస్తుంది. అందులో 13 జతలు కుదురుతాయి, మిగిలిన 13 ఒంటరివి ఎటు పడితే అటు పోతాయి. పుప్పొడి తాలుదే, కాయ నిలవదు. అప్పుడు లేత మొగ్గ కొనకు మళ్లీ ఆ కాల్చిసినే పట్టిస్తారు. విడిపోవలసినవి ఒకే కణంలో ఉండిపోయి 78 అవుతాయి, ఒంటరివాటికి జోడు దొరుకుతుంది. ఆ మొక్కను అమెరికన్ పత్తితో దాటిస్తే 65. రసం పీల్చే పురుగులను తట్టుకునే దేశవాళీ గుణం పోకుండా మళ్లీ మళ్లీ అమెరికన్ పత్తితోనే కలుపుతూ, ప్రతి తరంలో మొలకల వేరు కొన కోసి లెక్క చూస్తూ, 52కు దిగిన మొక్కలను ఉంచుకుంటారు.