స్లాబు పగులు, పత్రికలో బొమ్మ

మలక్‌పేట నుంచి ఒక తల్లి అడిగారు: "ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు టీన్ పత్రికలు కొనుక్కుంటోంది. వాటిలో సన్నటి అమ్మాయిల బొమ్మలు చూసి తిండి మానేస్తుందేమోనని భయంగా ఉంది. మాన్పించమంటారా?"

భయం నిరాధారం కాదు. అమెరికాలో 548 మంది బాలికలను అడిగి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, చక్కటి శరీరాకృతి గురించిన తమ ఊహ మీద పత్రికల బొమ్మల ప్రభావం ఉందని 69 శాతం మంది చెప్పారు. ఆ బొమ్మల వల్లే బరువు తగ్గాలనిపించిందని 47 శాతం మంది అన్నారు. అయితే ఇలాంటి జవాబులతో కారణం తేలదు. తన శరీరం తనకు నచ్చని పిల్లే ఆ పత్రికలను వెతుక్కుంటూ ఉండవచ్చు కదా!

ఆ ముడి విప్పిన ప్రయోగమంటే నాకెంతో ఇష్టం. అమెరికా మనస్తత్వవేత్త ఎరిక్ స్టైస్ బృందం 219 మంది బాలికలను చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు 15 నెలల పాటు ఒక ఫ్యాషన్ పత్రిక తెప్పించింది, రెండో గుంపుకు తెప్పించలేదు. 2001లో ఫలితాలు వచ్చాయి. సగటున తేడా లేదు! ఇక్కడే ఆగిపోయి ప్రమాదమే లేదనేవారున్నారు. ఆగకూడదు. మొదటి నుంచే తన ఒంటి మీద అసంతృప్తి, సన్నబడాలన్న ఒత్తిడి ఉన్న పిల్లలకూ, చుట్టూ ఉన్నవారి అండ లేని పిల్లలకూ ఆ పత్రిక హాని చేసింది.

వాన వీధంతా ఒకేలా కురుస్తుంది, స్లాబు పగిలిన ఇంట్లోనే కారుతుంది. వీధిలోని ఇళ్లన్నిటి తేమకూ సగటు తీస్తే వానతో నష్టమే లేదనిపిస్తుంది. ఒక కారణం ఎంత బలంగా పనిచేస్తుందో మరో కారణం నిర్ణయించే సందర్భమిది. పత్రికను దాచేయడం కారేచోట గిన్నె పెట్టడం లాంటిది. మర్నాడు అదే వాన ఫోనులోంచి, హోర్డింగు మీంచి కురుస్తుంది. పైగా ఎండాకాలంలో పగులు కంటికి కనబడదు, పూడ్చడానికి అనువైన కాలం మాత్రం అదే.

ఒంటి మీద అసంతృప్తి అనే ఈ పగులు కొంత వయసుతో వస్తుంది. ఈడొచ్చే ఆడపిల్ల శరీరంలో కొవ్వు వాటా పెరిగి తీరాలి. కొవ్వు కణాలు విడుదల చేసే లెప్టిన్ అనే హార్మోను తగినంత లేకపోతే, మెదడు అడుగున ఉండే హైపోథలమస్‌లో కిస్పెప్టిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే నాడీకణాలు చురుకందుకోవు. వాటి ప్రేరణ లేనిదే ఈడు రావడాన్ని మొదలుపెట్టే జిఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోను విడతలు విడతలుగా వెలువడదు, అండాశయానికి కబురు అందదు. అండాశయం తయారుచేసే ఈస్ట్రోజన్ హార్మోను ఆ కొవ్వును తుంటికీ తొడలకూ చేరుస్తుంది. బొమ్మ సన్నబడమనే వయసులోనే ఒళ్లు నిండుగా మారుతుంది. బడిలో ఈడు రావడం గురించిన ఈ పాఠాన్ని "ఇంట్లో చదువుకోండి" అని దాటవేసే ఉపాధ్యాయులు పిల్లలకు పెద్ద అన్యాయం చేస్తున్నారు.

మిగతా పగులు మనం పెట్టేదే. గర్భిణి కుంకుమపువ్వు పాలు తాగితే తెల్లటి బిడ్డ పుడుతుందని ఇప్పటికీ నమ్ముతున్నాం. చర్మం రంగు జన్యువుల నుంచి వస్తుంది, పాలగ్లాసు నుంచి కాదు. పెళ్లిళ్లలో "లావయ్యావే, నల్లబడ్డావే" అనేదే మన పలకరింపు.

అమ్మా, పత్రికలు మాన్పించకండి. పక్కన కూర్చుని మీరూ చూడండి. 2012లో అమెరికాలో ఒక పద్నాలుగేళ్ల అమ్మాయి 80 వేలకు పైగా సంతకాలు సేకరిస్తే, 'సెవెంటీన్' పత్రిక బాలికల ముఖాన్నీ శరీరాకృతినీ కంప్యూటర్‌లో మార్చబోమని మాటిచ్చిన సంగతి పాపకు చెప్పండి. ఒంటి గురించి మాట విసిరే బంధువులను అమ్మాయి ఎదుటే ఆపండి. భోజనాలు ఎగ్గొట్టడం, తినగానే బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకోవడం, నెలసరి ఆగిపోవడం గమనిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.