తిరుపతి ఇంటి పన్నులో బడి వాటా ఏమైంది?

ఏప్రిల్ వస్తే తిరుపతి నగరపాలక కార్యాలయంలో పన్ను కౌంటర్ల దగ్గర రద్దీ మొదలవుతుంది. ఏడాది పన్ను మొత్తం 30వ తేదీలోపు కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఉంటుంది మరి. డిమాండ్ నోటీసు అందుకున్నవాళ్లు ముందుగా చూసేది అడుగున ఉన్న మొత్తమే. పై గడులు కూడా చదవాలి. సాధారణ పన్ను, విద్యా పన్ను, గ్రంథాలయ సెస్సు, అనుమతి లేకుండా కట్టి ఉంటే దాని జరిమానా అక్కడే ఉంటాయి. ఈరోజు పన్ను పెంపు మీద నడుస్తున్న గొడవకు మూలం ఆ విద్యా పన్ను గడిలో ఉంది. బడి కోసం పన్ను కడుతున్న ఊరికి ఆ బడి గురించి అడిగే అధికారం ఎలా జారిపోయిందన్నదే అసలు సంగతి.

తిరుపతి 1886లో మునిసిపాలిటీ అయింది, చిత్తూరు 1917లో. రెండూ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి పన్ను పద్ధతీ అక్కడి నుంచే వచ్చింది. వీధి దీపాలు, మురుగు కాలువలు, నీళ్లు, టీకాలతో పాటు బడి కూడా మునిసిపాలిటీ బాధ్యతే. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం మునిసిపాలిటీలకు విద్యా పన్ను వేసే వీలు కల్పించింది. ఊళ్లో వసూలైన డబ్బుతో ఊళ్లోనే బడి నడపాలి, లెక్క కౌన్సిల్‌కు చెప్పాలి అన్నది అప్పటి ఏర్పాటు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద కూడా ఇదే దారిలో ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల సెస్సు పడుతుంది. కాకపోతే ఆ డబ్బు మునిసిపాలిటీ దగ్గర ఉండదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి.

1965 మునిసిపాలిటీల చట్టం కింద పన్నుకు ఆధారం అద్దె విలువ. ఊరిని జోన్లుగా విడగొట్టి, కట్టడం రకాన్ని బట్టి నెలకు ఎంత అద్దె వస్తుందో లెక్కగట్టేవాళ్లు. ఇంటి వయసు 25 ఏళ్లలోపైతే 10 శాతం, 40 ఏళ్ల దాకా 20, ఆపైన 30 శాతం తరుగు కింద తగ్గించేవాళ్లు. యజమానే కాపురముంటే తరుగుతో కలిపి 40 శాతం తగ్గింపు. పద్ధతి మంచిదే. ఐదేళ్లకోసారి అద్దెలు సవరిస్తేనే అది నిలబడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో నివాసాలకు చివరి సవరణ 2002లో జరిగింది, వ్యాపార కట్టడాలకు 2007లో. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ ముట్టుకోలేదు. ఈ మధ్యలో తిరుపతి అన్ని వైపులా పెరిగింది. గాంధీ రోడ్డు పక్క సందుల్లోని పాత మిద్దెకైనా, బైపాస్ వైపు లేచిన అపార్టుమెంటుకైనా లెక్కకు ఆధారం 2002 నాటి అద్దెలే. పనుల ఖర్చు మాత్రం ఏటికేడు పెరుగుతూ వచ్చింది. ఇరవై ఏళ్లలో కొంచెం కొంచెంగా పెరగాల్సింది ఒక్కసారిగా మీద పడడానికి కారణం ఇదే.

పడిన తీరు ఇంకా ఇబ్బందికరం. 2020లో కరోనా దెబ్బకు రాష్ట్రాల ఆదాయం పడిపోయినప్పుడు కేంద్రం అదనపు అప్పుకు అనుమతిస్తూ, అందులో కొంత భాగానికి సంస్కరణల షరతులు పెట్టింది. వాటిలో ఒకటి పట్టణాల్లో ఆస్తి పన్నును రిజిస్ట్రేషన్ విలువలకు ముడిపెట్టడం. ఆ కొత్త పద్ధతి కోసం రాష్ట్ర ప్రభుత్వం 2020 నవంబరు 24న జీవో 198 ఇచ్చింది. షరతు నెరవేర్చినందుకు 2,525 కోట్ల అదనపు అప్పుకు అనుమతి దొరికింది. ఆ తర్వాత 15వ ఆర్థిక సంఘం కూడా పట్టణాల గ్రాంట్లకు ఇలాంటి షరతే పెట్టింది.

అప్పుడు తిరుపతికి ఎన్నికైన కౌన్సిలే లేదు. 2007లో నగరపాలక సంస్థ అయ్యాక మొదటి ఎన్నిక 2021 మార్చిలో జరిగింది. కార్పొరేటర్లు వచ్చి కూర్చునేసరికి విధానం ఖరారై ఉంది. వాళ్లకు మిగిలింది హద్దుల లోపల శాతం ఎంచుకోవడమే. పన్ను ఎంత ఉండాలన్న చర్చ ఊళ్లో జరగకుండానే ముగిసిపోయింది.

2021 ఏప్రిల్ 1 నుంచి లెక్క మూలధన విలువ మీద. సబ్ రిజిస్ట్రారు పుస్తకంలోని స్థలం విలువకు కట్టడం విలువ కలుపుతారు. నివాసానికి అందులో 0.10 నుంచి 0.50 శాతం, ఇతర వాడకానికి 0.20 నుంచి 2 శాతం వేయొచ్చు. యజమానే ఉంటున్న 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే. పాత ఇళ్లకు ఏటా 15 శాతం మించి పెంచకూడదన్న పరిమితి ఉంది. వినడానికి చిన్నదే, చక్రవడ్డీలా పెరుగుతుంది. 2,000 కట్టే ఇంటికి కొత్త లెక్కలో 5,000 తేలిందనుకోండి. మొదటి ఏడాది 2,300, తర్వాత 2,645, 3,042, 3,498, ఐదో ఏడాదికి 4,023. అంటే రెట్టింపు. ఈలోగా రిజిస్ట్రేషన్ విలువ పెరిగితే ఆ 5,000 కూడా ఇంకా పైకి జరుగుతుంది. కొత్తగా వేసిన అంతస్తుకు పాత పన్నే ఉండదు కాబట్టి ఆ పరిమితి కాపాడదు.

మరి బడికి ఏం చేరుతోంది? మునిసిపల్ టీచర్ల జీతాలు రాష్ట్ర ఖజానా నుంచి, ప్రభుత్వోద్యోగులకు జీతాలిచ్చే 010 పద్దు కింద వస్తాయి. 2022 జూన్‌లో జీవో 84తో ఆ బడుల పర్యవేక్షణ పాఠశాల విద్యాశాఖకు వెళ్లింది. భవనాలు, స్థలాలు మాత్రం పట్టణ సంస్థలవే. ఇక్కడే పని చిక్కుపడుతుంది. మరుగుదొడ్డి పైపు పగిలితే హెడ్‌మాస్టరు రాయాల్సింది ఒక శాఖకు, గోడ ఇంకొకరిది, పన్ను కట్టిన తల్లిదండ్రులు నిలదీయాల్సింది ఎవరినో ఎవరికీ తెలియదు. విద్యా పన్ను కింద ఎంత వసూలైంది, ఏ బడికి ఎంత ఖర్చయింది అన్న పట్టిక ఏటా వార్డు సచివాలయం గోడ మీద అంటిస్తే పెంపును భరించేవాళ్లు తప్పకుండా ఉంటారు. లెక్క చూపకుండా పెంచితే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా.

తిరుపతికి ఇంకో బరువు ఉంది. రోజూ వచ్చిపోయే యాత్రికుల చెత్త, నీళ్లు, రోడ్ల ఖర్చు నగరానిది. పూజా స్థలాలకు చట్టంలోనే పన్ను మినహాయింపు. 2023 అక్టోబరులో టీటీడీ పాలకమండలి తన బడ్జెట్‌లో 1 శాతం నగర అభివృద్ధికి ఇవ్వాలని తీర్మానించింది. స్వామివారి సొమ్ము మళ్లించొద్దని అభ్యంతరాలు వచ్చాయి, ప్రభుత్వం అనుమతించలేదు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయితే ఆ ఖర్చు తిరిగి ఇళ్ల మీదే పడుతుంది.

నోటీసు అందాక చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ముందు గదిలో చిన్న కొట్టు ఉంటే ఇల్లు మొత్తాన్ని వాణిజ్యం కింద రాసేస్తుంటారు. కొలతల్లో మెట్లు, వరండాలు ఎక్కువగా కలుస్తాయి. అన్నదమ్ములు పంచుకున్నాక తండ్రి పేరున్న పాత అసెస్‌మెంట్ నంబరు రద్దు కాకపోతే, ఒకే ఇంటికి రెండు నంబర్లు నడిచి ఒకదాని మీద బకాయి పేరుకుంటుంది. మొదటి అర్ధసంవత్సరానికి జూన్, రెండోదానికి డిసెంబరు దాటితే నెలకు 2 శాతం వడ్డీ. రిజిస్ట్రేషన్ దస్తావేజు, ప్లాను, పాత రసీదులు జతచేసి నోటీసులో రాసిన గడువులోపు పన్ను సవరించమని రివిజన్ పిటిషన్ ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. మళ్లీ కొలవడానికి వచ్చినప్పుడు టేపు రెండో కొన ఇంటివాళ్లే పట్టుకుని, రాసిన అంకెల నకలు అప్పుడే అడగాలి.