మార్బుల్డ్ మర్రెలెట్: సముద్రపు పక్షి మీద అడవి గొడవ ఎందుకు?

అమెరికాలో అంతరించే జాతుల చట్టం మీద మళ్లీ గొడవ రేగింది. జీవి నివాసాన్ని పాడుచేసి, దాని వల్ల అది చనిపోయేలా చేయడం కూడా 'హాని' కిందికే వస్తుందన్న నిర్వచనం 1975 నుంచి ఉంది. దాన్ని రద్దు చేస్తామని 2025 ఏప్రిల్‌లో ఫెడరల్ సంస్థలు ప్రతిపాదించాయి. ఈ మార్పు ఎంత దూరం పోతుందో తెలియాలంటే పసిఫిక్ తీరంలో బతికే మార్బుల్డ్ మర్రెలెట్ అనే చిన్న పక్షి సంగతి చూడాలి.

1789లోనే దానికి శాస్త్రీయ నామం పెట్టారు. అక్కడి నుంచి చెప్పుకొస్తే అసలు విషయం మరుగున పడుతుంది. అసలు మలుపు 1974 ఆగస్టులో, కాలిఫోర్నియాలోని బిగ్ బేసిన్ పార్కులో వచ్చింది. కొమ్మలు నరకడానికి ఒక పెద్ద డగ్లస్ ఫర్ చెట్టెక్కిన పనివాడికి, నేల నుంచి దాదాపు 45 మీటర్ల ఎత్తున నాచు పట్టిన కొమ్మ మీద ఒక పక్షి పిల్ల కనిపించింది. దాని కాళ్లకు బాతు కాళ్లలా వేళ్ల మధ్య చర్మం ఉంది. ఉత్తర అమెరికాలో దాదాపు అన్ని పక్షుల గూళ్లూ అప్పటికే దొరికాయి. ఈ పిల్ల జాతి అయిన మర్రెలెట్‌ది మాత్రం అంతవరకు ఎవరికీ చిక్కలేదు.

ఎందుకు చిక్కలేదో దాని ఒంటి మీదే రాసి ఉంది. దీని బంధువుల్లో చాలావరకు ఎండాకాలంలో కూడా నలుపు తెలుపు రంగుల్లోనే ఉంటాయి. ఇది మాత్రం గుడ్లు పెట్టే కాలానికి చెట్టు బెరడు లాంటి మచ్చల గోధుమ రంగుకు మారిపోతుంది. గూడు కట్టదు. పాత చెట్టు మీది వెడల్పాటి కొమ్మపై, నాచులో చిన్న గుంట చేసి ఒకే గుడ్డు పెడుతుంది. తల్లీ తండ్రీ రోజుకొకరు చొప్పున పొదుగుతాయి. తెల్లవారుజామునో, చీకటి పడేటప్పుడో సముద్రం నుంచి ముక్కున ఒక చేపతో వేగంగా వచ్చి వెళ్లిపోతాయి. కొన్నిచోట్ల ఈ ప్రయాణం పదుల కిలోమీటర్లు. అడవిలో ఖాళీలు పెరిగితే స్టెల్లర్స్ జే, రావెన్ లాంటి పక్షులు చేరి గుడ్లనూ పిల్లలనూ తినేస్తాయి.

ఇలాంటి పక్షి ఒక అడవిలో ఉందని రుజువు చేయడం ఎలా? 1992లో కాలిఫోర్నియా, ఒరెగాన్, వాషింగ్టన్‌లలో దీన్ని ముప్పున్న జాతిగా ప్రకటించాక తగాదా అంతా ఈ రుజువు మీదే నడిచింది. సర్వే చేసేవాళ్లు తెల్లవారకముందే నిలబడి, అరుపు వింటూ, చెట్ల శిఖరాల కంటే కిందికి ఎగిరితే అక్కడ సంతానం పెంచుతున్నట్టు రాసుకునేవారు. కాలిఫోర్నియాలో హంబోల్ట్ కౌంటీలోని ఔల్ క్రీక్ అడవి కేసులో పసిఫిక్ లంబర్ అనే కలప కంపెనీ ఆ ఆధారాలు చాలవని వాదించింది. 1995లో ఫెడరల్ కోర్టు సర్వేలనే నమ్మింది, 1996లో అప్పీలు కోర్టూ ఒప్పుకుంది. గూడు చూపిస్తేనే నమ్ముతామని పట్టుబట్టి ఉంటే ఈ పక్షికి ఏ రక్షణా మిగిలేది కాదు. 1995లోనే సుప్రీంకోర్టు వేరే కేసులో 6-3 తీర్పుతో 'హాని' నిర్వచనాన్ని నిలబెట్టింది.

కలప కంపెనీల మాటలో కొంత న్యాయం లేకపోలేదు: సొంత భూమిలో చెట్లు కొట్టుకోవడానికి ఇన్ని ఆటంకాలా అని వాళ్ల ఆవేదన. కానీ ఒరెగాన్‌లో బెన్సన్ స్నేక్ అనే చెట్ల నరికివేత పథకం కేసు చూడండి. ఎలియట్ అడవిలో రాష్ట్రం 2014లో కలప కంపెనీకి అమ్మిన భూమిలో, 49 ఎకరాల్లో చెట్లు కొట్టకుండా 2022లో కోర్టు ఆపింది. 2024లో అప్పీలు కోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఆ తీర్పులకు ఆధారం ఇప్పుడు తీసేస్తామంటున్న నిర్వచనమే.

మర్రెలెట్ పిల్లల్ని పెంచడం అయిపోయాక సముద్రానికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత అడవిని నరికితే గొడ్డలి పడే క్షణాన అక్కడ ఒక్క పక్షీ చావదు. వసంతంలో జంట తిరిగొచ్చేసరికి కొమ్మ ఉండదు. అలాంటి కొమ్మలున్న చెట్టు పెరగడానికి 150, 200 ఏళ్లు పడుతుంది. నిర్వచనం పోతే, ఈ నష్టాన్ని ఏ కోర్టులో, ఏ సెక్షన్ కింద చెప్పుకోవాలన్నది ప్రతిపాదన తెచ్చినవాళ్లు ముందుగా జవాబివ్వాల్సిన ప్రశ్న.