స్టీరింగ్‌ని వదిలితేనే డ్రిఫ్ట్

కారు వెనక భాగాన్ని కావాలని పక్కకి జారనిస్తూ, అదుపు తప్పకుండా మలుపు తిప్పడాన్ని డ్రిఫ్ట్ అంటారు. రేసింగ్ గేములో దాన్ని నేర్చుకుందామని స్టీరింగ్ వీల్ కొనుక్కున్నవాళ్లు దాదాపు అందరూ ఒకేలా మొదలుపెడతారు. కారుని మలుపులోకి తిప్పి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతారు. వెనక భాగం పక్కకి జారుతుంది. కంగారుపడి స్టీరింగ్‌ని ఎదురు దిక్కుకి తిప్పుతారు. అప్పటికే ఆలస్యమైపోతుంది, కారు గిర్రున తిరిగి ఆగిపోతుంది. ఇంకా వేగంగా తిప్పాలేమో అనుకుని మరింత బిగించి పట్టుకుంటారు, దాంతో ఇంకా చెడుతుంది. ఆ ఎదురు తిప్పుడులో ఎక్కువ భాగం కారు తనంతట తానే చేసుకుంటుందని, మన బిగింపే దానికి అడ్డొస్తోందని మొదట్లో ఎవరికీ తోచదు.

ముందు చక్రాలు కుడి ఎడమలకి తిరిగే ఇరుసు నిటారుగా ఉండదు. పైభాగం కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. దీన్ని కాస్టర్ కోణం అంటారు. ఆ వాలు వల్ల ఇరుసు గీత నేలని తాకే చోటు, టైరు నేలని తాకే చోటు కన్నా కాస్త ముందుకి పడుతుంది. సామాన్లు మోసే ట్రాలీ చక్రాన్ని గమనించండి. మనం ఎటు తోస్తే అటు అదే తిరుగుతుంది. కారు ముందు చక్రాలూ అంతే. కారు ముక్కు ఎటు చూస్తోందన్నది వాటికి పట్టదు, కారు నిజంగా ఎటు కదులుతోందో అటు తిరగాలని చూస్తాయి. ఎడమ మలుపులో వెనక భాగం బయటికి జారిందంటే ముక్కు ఎడమకి చూస్తూ ఉంటుంది, కారు మాత్రం దానికి కుడివైపుగా పోతూ ఉంటుంది. చక్రాలు ఆ కుడివైపుకే తిరుగుతాయి. కౌంటర్ స్టీర్ అంటే ఇదే. నిజం కారులో డ్రిఫ్ట్ డ్రైవర్లు ఈ సమయంలో వేళ్లు సడలించి, స్టీరింగ్‌ని అరచేతుల్లోంచి జారనిచ్చి, కావలసిన చోట పట్టుకుంటారు.

గేము చక్రాలని అలా తిప్పే బలాన్ని సెకనుకి వందలసార్లు లెక్కగట్టి వీల్ లోపలి మోటారుకి పంపుతుంది. దాన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటున్నాం. ఇది ఏదో సరదా కోసం పెట్టిన కుదుపు అనుకుంటే పొరపాటే. డ్రిఫ్ట్‌కి ఇదే ప్రాణం, ఎందుకో చెప్తాను.

నిజం కారులో వెనక భాగం జారగానే మొదట తెలిసేది లోపలి చెవికి. అక్కడ ద్రవంతో నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలు తల తిరగడాన్ని పసిగడతాయి. చెవి నుంచి కంటి కండరాలకి కబురు అందడానికి 10 మిల్లీసెకన్లు చాలు. గదిలో కుర్చీలో కూర్చుని ఆడుతుంటే ఆ ద్రవం కదలదు. ఇక మిగిలింది కళ్లు. కంటితో చూసి చెయ్యి కదపడానికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. కారు సెకనుకి 60 డిగ్రీల చొప్పున తిరుగుతోందనుకుంటే ఆలోపు 12 డిగ్రీలు తిరిగిపోయి ఉంటుంది. చేతుల సంగతి వేరు. పట్టుకున్న వస్తువు అనుకోకుండా లాగితే కండరాలు 50 నుంచి 100 మిల్లీసెకన్లలోనే సర్దుకోవడం మొదలుపెడతాయి. అంటే గేములో చెవి పనిని చేతులకి అప్పగించాలి. గట్టిగా పిడికిలి బిగించిన చేతికి ఆ సన్నటి కబుర్లు అందవు.

సెట్టింగ్స్‌లో చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. బలం ఎక్కువైతే బాగా తెలుస్తుందని ఫోర్స్ ఫీడ్‌బ్యాక్‌ని పూర్తిగా పెంచేస్తారు. సాధారణ వీల్ మోటారు ఇవ్వగలిగేది 2 న్యూటన్ మీటర్లకి (తిప్పే బలానికి కొలత) అటూఇటూ. గేము అంతకన్నా ఎక్కువ అడిగితే మోటారు తన గరిష్ఠం దగ్గరే ఆగిపోతుంది. దీన్ని క్లిప్పింగ్ అంటారు. అప్పుడు చేతికి బరువు తప్ప తేడా తెలియదు. కొంచెం జారినా, బాగా జారినా ఒకటే లాగుడు. కాస్త తగ్గించి పెట్టుకుంటే మార్పులు స్పష్టంగా తెలుస్తాయి. మోటారు ఇరుసుకే నేరుగా బిగించిన డైరెక్ట్ డ్రైవ్ వీల్స్‌తో డ్రిఫ్ట్ తేలికనిపించడానికి ఒక కారణం బలమైతే, అంతకన్నా పెద్ద కారణం వేగం. వదిలిన స్టీరింగ్ చక్రాలతో సమానంగా పరిగెత్తగలదు.

ఇక కాలి సంగతి. టైరుకి ఉన్న పట్టు ఒక పరిమితి వరకే. దాన్ని ముందుకి తొయ్యడానికీ, పక్కకి జారకుండా ఆపడానికీ పంచుకోవాలి. వెనక చక్రాలు నడిపే కారులో యాక్సిలరేటర్ పెంచితే పట్టులో ఎక్కువ వాటా తోపుకి పోయి వెనక భాగం ఇంకా జారుతుంది. తగ్గిస్తే పట్టు తిరిగొస్తుంది. అందుకే డ్రిఫ్ట్‌లో కోణాన్ని చాలావరకు కాలే నడిపిస్తుంది. భయపడి కాలు ఒక్కసారిగా తీసేస్తే వెనక టైర్లు ఠక్కున పట్టుకుంటాయి. ముందు చక్రాలేమో ఇంకా ఎదురు దిక్కుకే తిరిగి ఉంటాయి. కారు రెండో వైపుకి విసిరేసినట్టు తిరిగిపోతుంది.

డ్రిఫ్ట్ అస్థిరమైన సమతుల్యత. సర్దుబాటు ఆపిన క్షణం చెదిరిపోతుంది. అయినా లెక్కకి అందనిది కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ గెర్డెస్ బృందం 1981 నాటి డెలోరియన్ కారుని ఎలక్ట్రిక్ కారుగా మార్చి దానికి డ్రిఫ్ట్ నేర్పింది. మార్టీ అనే ఆ కారు 2019లో సుమారు ఒక కిలోమీటరు మెలికల దారిని మనిషి చెయ్యి పడకుండా డ్రిఫ్ట్ చేస్తూ దాటింది.

చూపు విషయం కూడా తేలిగ్గా తీసుకోకూడదు. మలుపు తిరిగేటప్పుడు డ్రైవర్ల చూపు ఎక్కువగా మలుపు లోపలి అంచు మీదే ఉంటుందని లాండ్, లీ అనే శాస్త్రవేత్తలు 1994లో చూపించారు. డ్రిఫ్ట్‌లో కారు 40 డిగ్రీలు అడ్డం తిరిగి ఉంటే మనం పోతున్న దారి పక్క కిటికీలోంచి కనబడాలి. ఒకే మానిటర్ ఉంటే అది తెర బయటే ఉండిపోతుంది. కారు కదిలే దిక్కుకి కెమెరాని తిప్పే సెట్టింగ్ గేములో ఉంటే ఆన్ చేసుకోండి. వీఆర్ హెడ్‌సెట్ ఉన్నవాళ్లకి తల తిప్పితే సరిపోతుంది.

సాధన ట్రాక్ మీద కాకుండా ఖాళీ మైదానంలో మొదలుపెట్టడం మేలు. ఒక మాదిరి పవర్ ఉన్న, వెనక చక్రాలు నడిపే కారు తీసుకుని రెండో గేర్‌లో గుండ్రంగా తిరగండి. వలయం ఒకే కొలతలో నిలబడేదాకా కాలి పనే చూసుకోండి. తర్వాత ఎనిమిది ఆకారం. ఒక వలయం నుంచి రెండో దానికి మారేటప్పుడు యాక్సిలరేటర్ ఒక్క క్షణం వదిలి, స్టీరింగ్‌ని పూర్తిగా జారనివ్వాలి. అది మధ్యగీత దాటి అటువైపు పరిగెత్తుతుంది. కారు రెండో వైపుకి వాలడం మొదలవగానే యాక్సిలరేటర్ అందుకుని, స్టీరింగ్‌ని పట్టుకోవాలి. తొందరపడి పట్టుకుంటే కోణం రాదు, ఆలస్యమైతే కారు తిరిగిపోతుంది. మధ్యలో ఉన్న ఆ సందు ఎప్పుడొస్తుందో చిన్నమెదడు ముందే అంచనా వేసుకుంటుంది. ప్రతి ప్రయత్నంలో అంచనాకీ జరిగినదానికీ తేడా చూసుకుని దిద్దుకుంటుంది. ఆ అంచనా ప్రస్తుతం నడుపుతున్న కారు బరువుకీ, చక్రాల మధ్య దూరానికీ, టైర్లకీ తగ్గట్టు తయారవుతుంది కాబట్టి, ఎనిమిది ఆకారం నిలకడగా వచ్చేదాకా కారునీ సెట్టింగ్స్‌నీ మార్చకుండా ఉంటే త్వరగా వస్తుంది.