షార్ట్‌కట్ చేసే మరమ్మతు ప్యాకేజీ గడప దాటదు

షార్ట్‌కట్‌ను నొక్కితే ప్రోగ్రామ్ వెంటనే తెరుచుకోకుండా, ముందుగా విండోస్ ఇన్‌స్టాలర్ పెట్టె ఒకటి కనబడి, కాసేపటికి మాయమవడం చాలామంది చూసే ఉంటారు. అది వైరస్ పని కాదు. ప్రోగ్రామ్‌లో పోయిన భాగాన్ని ఇన్‌స్టాలర్ తిరిగి తెచ్చి పెడుతోంది.

ఆఫీస్ 2000తో వచ్చిన విండోస్ ఇన్‌స్టాలర్ రెండు రకాల షార్ట్‌కట్‌లను సృష్టించగలదు. మామూలు రకానికి ఫైలు ఉన్న చోటు మాత్రమే తెలుసు. ‘అడ్వర్టైజ్డ్’ రకంలో మాత్రం ప్రోడక్ట్ (ఒక ప్యాకేజీలో, అంటే ఒక ఇన్‌స్టలేషన్ ఫైలులో వచ్చే సాఫ్ట్‌వేర్), ఫీచర్ (అందులోని ఒక సదుపాయం), కాంపోనెంట్ (ఆ సదుపాయానికి కావలసిన ఫైళ్లు, రిజిస్ట్రీ విలువల చిన్న కట్ట) ఏవో చెప్పే సంకేతం దాగి ఉంటుంది. దాన్ని నొక్కినప్పుడు ఇన్‌స్టాలర్ ఆ ఫీచర్‌లోనూ, దాని పై ఫీచర్లలోనూ ఉన్న ప్రతి కాంపోనెంట్‌కు ‘కీ పాత్’గా నిర్ణయించిన ఫైలో రిజిస్ట్రీ విలువో ఉందా లేదా అని చూసి, ఒక్కటి లేకపోయినా మరమ్మతుకు దిగుతుంది. ఫైలు ఉండి, లోపలి సమాచారం చెడిపోతే ఈ తనిఖీ దాన్ని పట్టుకోలేదు.

చిక్కంతా ఒకే సాఫ్ట్‌వేర్‌ను అనేక ప్యాకేజీలుగా విడగొట్టినప్పుడు వస్తుంది. ప్రధాన ప్రోగ్రామ్ ఒక ప్యాకేజీలో, ముద్రణకు కావలసిన డీఎల్‌ఎల్ (ప్రోగ్రామ్ అవసరమైనప్పుడు వాడుకునే కోడ్ ఫైలు) మరో ప్యాకేజీలో ఉన్నాయనుకుందాం. ఆ డీఎల్‌ఎల్‌ను ఎవరైనా తొలగించాక ప్రధాన షార్ట్‌కట్‌ను నొక్కితే ప్రోగ్రామ్ నిక్షేపంగా తెరుచుకుంటుంది, ముద్రించబోయినప్పుడు గాని లోపం బయటపడదు. షార్ట్‌కట్‌లో ఉన్నది ఒకే ప్రోడక్ట్ సంకేతం. రెండో ప్యాకేజీ అనేది ఒకటుందని కూడా దానికి తెలియదు. రెంటినీ ఒకే సెటప్ వరసగా ఇన్‌స్టాల్ చేసిందన్నది ఇక్కడ అక్కరకు రాదు. డీఎల్‌ఎల్‌ను వాడే ముందు ప్రోగ్రామే, కాంపోనెంట్ ఉందో లేదో చూసి లేకపోతే తెచ్చిపెట్టే ‘ఎంఎస్ఐప్రొవైడ్‌కాంపోనెంట్’ అనే ఇన్‌స్టాలర్ ఫంక్షన్‌ను రెండో ప్రోడక్ట్ సంకేతంతో పిలవడం ఒక దారి. అంతకంటే, విడదీయడానికి గట్టి కారణం లేనప్పుడు రెంటినీ ఒకే ప్యాకేజీలో ఉంచడమే మేలని నా అభిప్రాయం.

విడిగా ఉన్నా చిక్కు తెచ్చేది మరొకటుంది. రెండు ప్యాకేజీలు ఒకే ఫైలును ఒకే చోట, వేర్వేరు కాంపోనెంట్ సంకేతాలతో పెడితే, ఒకదాన్ని తీసేసినప్పుడు రెండోదానికి కావలసిన ఫైలు కూడా పోతుంది. అది కీ పాత్ అయితే, మిగిలిన షార్ట్‌కట్‌ను నొక్కగానే మరమ్మతు మొదలవుతుంది. మూల ప్యాకేజీ అవసరమై అది అందుబాటులో లేకపోతే ఇన్‌స్టాలర్ దాన్ని చూపించమని అడుగుతుంది.

ఇక నొక్కిన ప్రతిసారీ మరమ్మతు జరుగుతుంటే, ప్రోగ్రామే తుడిచేసే తాత్కాలిక ఫైలును కీ పాత్‌గా పెట్టారేమో అనుమానించాలి. విండోస్‌లో జరిగిన ఘటనల నమోదును చూపే ఈవెంట్ వ్యూయర్‌లోని అప్లికేషన్ లాగ్‌లో ‘ఎంఎస్ఐఇన్‌స్టాలర్’ పేరిట 1001, 1004 సంఖ్యలతో నమోదయ్యే హెచ్చరికలలో ఆ ప్రోడక్ట్, ఫీచర్, కాంపోనెంట్ ఏవో, దొరకని వస్తువు ఏదో కనిపిస్తాయి.